మెడ మీద మంట, పొక్కులు: రేజర్ ఏ వైపు లాగాలి?

సేఫ్టీ రేజర్‌తో కింది నుంచి పైకి గీస్తే బుగ్గలు బాగానే ఉన్నాయి, మెడ మీదే మంట, ఎర్ర పొక్కులు అన్నారు కదండీ. చిక్కంతా ఆ దిశలోనే ఉంది. మెడ మీద వెంట్రుకలు అందరికీ కిందికే పెరగవు. గొంతుముడి పక్కన చాలామందికి అడ్డంగా తిరిగి ఉంటాయి. రెండు రోజులు గడ్డం పెరగనిచ్చి వేలితో నాలుగు వైపులా నిమరండి. నున్నగా జారిన వైపే రేజర్ లాగాలి, గరగరమన్న వైపు ఇప్పట్లో వద్దు.

స్నానం చేశాక, నురుగు తడిగా ఉండగా, బ్లేడును చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలులో ఆనించి రేజర్ బరువుతోనే చిన్న చిన్న గీతలు లాగండి. అస్సలు నొక్కకండి. గొంతుముడి దగ్గర చర్మాన్ని వేలితో పక్కకు లాగి, చదునైన చోట గీయండి. రెండోసారి గీయాలంటే మళ్లీ నురుగు రాయాల్సిందే. వెంట్రుక పీకినట్టు అనిపించిందా, బ్లేడు ఆ రోజే మార్చేయండి.