ఉబుంటు దించుకుంటున్న మా చిన్నోడికి

చిన్నా, బాబాయ్ ఆశీస్సులు.

కంప్యూటర్లో వేసుకుందామని నువ్వు దించుకుంటున్న ఉబుంటు, అదే ఆ లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టం, మూడోసారి కూడా మధ్యలోనే ఆగిపోయిందని నిన్న ఫోన్లో అన్నావు. మారతహళ్ళి పీజీలో అంతమంది ఒకే వైఫై మీద పడితే, ఐదారు జీబీల ఫైలు బ్రౌజర్‌లో దిగడం కష్టమే. నేను బెంగళూరు వచ్చిన కొత్తలో రాత్రంతా కూర్చుని లినక్స్ దించుకుంటుంటే, 90 శాతం దాటాక కరెంటు పోయింది. మళ్ళీ సున్నా నుంచి! ఏడుపొచ్చినంత పనైంది. టోరెంట్ పట్టుకున్నది ఆ తర్వాతే.

టోరెంట్ అంటే దొంగ సినిమాలే అనుకోకు. 2001లో బ్రామ్ కోహెన్ అనే ప్రోగ్రామర్ చేసిన పద్ధతి ఇది. ఫైలు ముక్కలుగా ఎంతోమంది దగ్గర్నుంచి వస్తుంది, నీకు వచ్చిన ముక్కలు నీ మిషన్ కూడా మిగతావాళ్ళకి పంచుతుంది. వచ్చిన ప్రతి ముక్కనీ హాష్‌తో, అంటే అందులోని డేటా నుంచి లెక్కగట్టిన గుర్తుతో, సరిచూసుకుని, పాడైతే పారేసి మళ్ళీ తెచ్చుకుంటుంది. కరెంటు పోయినా అప్పటిదాకా వచ్చినవి ఉంటాయి, అక్కణ్ణుంచే మొదలవుతుంది. ఉబుంటు వాళ్ళూ, డెబియన్, మింట్ లాంటి మిగతా లినక్స్‌ల వాళ్ళూ తమ సైట్లలోనే టోరెంట్లు పెడతారు. టోరెంట్లు దించే క్యూబిట్‌టోరెంట్ అనే ప్రోగ్రాం వేసుకో, అది ఉచితమే, ప్రకటనలుండవు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. టోరెంట్ ఫైలు, అంటే ఏ ముక్కలు తేవాలో వాటి హాష్‌లేమిటో రాసి ఉండే చిన్న ఫైలు, ఉబుంటు వాళ్ళ సైటు నుంచే తీసుకో, గూగుల్‌లో ముందు కనబడిందల్లా నొక్కకు. ముక్కలు సరిపోయాయంటే ఆ టోరెంట్‌లో ఉన్నదే వచ్చిందని అర్థం, అంతే. టోరెంటే నకిలీదైతే నకిలీదే నిక్షేపంగా దిగుతుంది. అలాగని సైటుని కూడా గుడ్డిగా నమ్మకు. 2016 ఫిబ్రవరిలో మింట్ సైట్లోకే ఎవరో చొరబడి, డౌన్‌లోడ్ లింకుని దొంగ ఐఎస్ఓకి (ఆపరేటింగ్ సిస్టం మొత్తం ఉండే పెద్ద ఫైలు అదే) మళ్ళించారు. ఆసారి టోరెంట్‌లో దించుకున్నవాళ్ళకి ఏమీ కాలేదు. అందుకని దిగాక షా256 అంకె, అంటే మొత్తం ఫైలుకి లెక్కగట్టే హాష్, తీసి, ఉబుంటు వాళ్ళు ఇచ్చినదాంతో అక్షరం అక్షరం పోల్చు. విండోస్‌లో సర్ట్‌యుటిల్ అనే కమాండ్ ఆ అంకె తీసిపెడుతుంది. రెండు నిమిషాల పని, బద్ధకించకు.

సెట్టింగ్స్‌లో అప్‌లోడ్‌కి హద్దు పెట్టు. లేకపోతే పక్కగదివాళ్ళ ఆఫీసు కాల్స్ తెగిపోతాయి. నీ ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో నీ కనెక్షన్ చిరునామా, అవతలివాళ్ళందరికీ కనిపిస్తుంది, కాబట్టి ఇందులో వేరే సరుకు జోలికి వెళ్ళకు.

దిగిపోగానే మూసేయకు నాన్నా. నీకు ముక్కలిచ్చినవాళ్ళలో తమ పని అయిపోయాక కూడా మిషన్ ఆన్‌లో ఉంచినవాళ్ళు ఉంటారు. రేషియో కనీసం 1 దాటేదాకా ఉంచు, అంటే తీసుకున్నంత ఇచ్చేదాకా. నా పాత లాప్‌టాప్‌లో డెబియన్ ఎప్పుడూ సీడింగ్‌లోనే, అంటే అందరికీ పంచుతూనే ఉంటుంది. రాత్రి పడుకోబోయే ముందు చూస్తే ఏ ఊరివాడో ఒకడు మెల్లగా లాగుతూ ఉంటాడు. వాడి గీత నిండేదాకా నాకు కట్టేయబుద్ధి కాదు.

ఆదివారం భోజనానికి రా, పిన్ని గోంగూర పచ్చడి చేస్తానంది. పెన్‌డ్రైవ్ తెచ్చుకో, 8 జీబీది చాలు. అందులో ఫోటోలుంటే ముందే వేరేచోట దాచు. ఐఎస్ఓ ఎక్కిస్తే ఉన్నవన్నీ చెరిగిపోతాయి.

బాబాయ్