118 మూలకాల్లో బట్టీ పట్టాల్సినవి ఏడు సంఖ్యలే

మీ అమ్మాయి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, ఆవర్తన పట్టిక మొత్తం గడగడా అప్పజెబుతుంది, కానీ "ఈ రెండింట్లో ఏది పెద్దది, ఎందుకు" అంటే తడబడుతుంది అన్నారు. ముందు ఆ అప్పజెప్పడం ఆపించండి.

బట్టీ పట్టాల్సినవి ఇవి: 2, 10, 18, 36, 54, 86, 118. ఒక్కో పీరియడ్ (అడ్డు వరస) చివరి గడిలో ఉన్న జడవాయువు పరమాణు సంఖ్యలు, అంటే ప్రోటాన్ల లెక్క. ఇచ్చిన సంఖ్య తర్వాత వీటిలో ఏది వస్తుందో చూసి తేడా తీయాలి. ఆ తేడాని 18లోంచి తీసేస్తే గ్రూపు (నిలువు వరస) వస్తుంది. 34 ఇచ్చారనుకోండి: 36లోంచి 34 పోతే 2, 18లోంచి 2 పోతే 16. నాలుగో పీరియడ్, 16వ గ్రూపు, అంటే సల్ఫర్ కింద ఉండే సెలీనియం. 50 అయితే తేడా 4, గ్రూపు 14, తగరం. జడవాయువు దాటి ఒకటో రెండో గడిలో ఉంటే లెక్కే అక్కర్లేదు, అది ఒకటో రెండో గ్రూపు. 56 అంటే 54 తర్వాత రెండోది, బేరియం. హైడ్రోజన్, హీలియంలకు ఈ లెక్క వాడొద్దు. 57–70, 89–102 మధ్య కూడా పనిచేయదు, అవి కింద విడిగా వేసే ఎఫ్ బ్లాక్. (మూడో గ్రూపులో ఆరో పీరియడ్ గడి లాంథనమ్‌దా, లుటీషియమ్‌దా అనే తగువు ఇంకా తెగలేదు. పరీక్షలో పుస్తకంలో ఉన్నదే రాయమనండి.)

పీరియడ్ల పొడవు 2, 8, 8, 18, 18, 32, 32 ఎందుకంటే కర్పరాల్లో (ఎలక్ట్రాన్ల పొరల్లో) ఉండే ఉపకర్పరాల్లో, ఎస్‌లో 2, పిలో 6, డిలో 10, ఎఫ్‌లో 14 ఎలక్ట్రాన్లు పడతాయి. మూడో కర్పరంలో 18 పడతాయి కదా, మూడో పీరియడ్ 8 దగ్గరే ఎందుకు ఆగింది అని తప్పకుండా అడుగుతుంది. 3డి కంటే ముందు 4ఎస్ నిండుతుంది, అందుకే.

ఇక ధర్మాలు. ఏ పోలిక వచ్చినా రెండే ప్రశ్నలు వేసుకోవాలి: బయటి ఎలక్ట్రాన్ ఎన్నో కర్పరంలో ఉంది? దాన్ని కేంద్రకం ఎంత గట్టిగా లాగుతోంది? పిల్లలు తప్పు చేసేది రెండోదాని దగ్గరే. ఎడమ నుంచి కుడికి ఎలక్ట్రాన్లు పెరుగుతున్నాయి కాబట్టి పరమాణువు ఉబ్బాలి అనుకుంటారు. చేరే ఎలక్ట్రాన్లు అదే కర్పరంలో చేరుతున్నాయి, అవి ఒకదానికొకటి పెద్దగా అడ్డు రావు. ప్రోటాన్లు మాత్రం ఒక్కోటి పెరుగుతూ పోతాయి. అందుకే సైజు తగ్గుతుంది, అయనీకరణ శక్తి (బయటి ఎలక్ట్రాన్‌ని ఊడదీయడానికి పట్టే శక్తి) లిథియం దగ్గర 520 నుంచి నియాన్ దగ్గర 2081 కిలోజౌల్/మోల్ దాకా ఎక్కుతుంది. అయాన్లకూ (ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న, లేదా తీసుకున్న పరమాణువులకూ) ఇదే కొలబద్ద. ఆక్సైడ్, ఫ్లోరైడ్, సోడియం, మెగ్నీషియం అయాన్లు నాలుగింట్లోనూ పదేసి ఎలక్ట్రాన్లే. వ్యాసార్థాలు వరసగా 140, 133, 102, 72 పికోమీటర్లు. ప్రోటాన్లు 8, 9, 11, 12.

పుస్తకంలో సైజు క్లోరిన్‌కి 99, పక్కనున్న ఆర్గాన్‌కి 188 అని చూసి కంగారు పడొద్దు. మొదటిది బంధంలో ఉన్న పరమాణువుది (సమయోజనీయ వ్యాసార్థం), రెండోది బంధం లేకుండా ఉన్నదానిది (వాన్ డర్ వాల్ వ్యాసార్థం). రెండు వేర్వేరు కొలతల్ని పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

మినహాయింపుల్నీ బట్టీ పట్టక్కర్లేదు. అయనీకరణ శక్తి నైట్రోజన్‌ది 1402, ఆక్సిజన్‌ది 1314: నైట్రోజన్‌లో మూడు పి ఆర్బిటాళ్లలో (ఎలక్ట్రాన్లు ఉండే చోట్లలో) తలా ఒకటి, ఆక్సిజన్‌లో నాలుగోది జతపడాలి. ఆ వికర్షణ వల్ల అది తేలిగ్గా ఊడుతుంది. ఎలక్ట్రాన్ తీసుకున్నప్పుడు ఫ్లోరిన్ 328 కిలోజౌల్/మోల్ శక్తి ఇస్తే క్లోరిన్ 349 ఇస్తుంది. ఫ్లోరిన్ మరీ చిన్నది, లోపల ఇప్పటికే ఇరుకు. కిందికి వెళ్తే సైజు పెరగాలి కదా, అల్యూమినియం 143 అయితే గాలియం 135 ఏమిటి? మధ్యలో పది డి ఎలక్ట్రాన్లు వచ్చాయి, అవి కేంద్రకాన్ని సరిగ్గా కప్పలేవు.

పక్క గ్రూపుకి జరిగితే ఎంత తేడా వస్తుందో ఇంట్లోనే చూపించవచ్చు. సోడియం కార్బొనేట్ (వాషింగ్ సోడా) నీళ్లలో ఇట్టే కరుగుతుంది. పక్క గ్రూపులోని కాల్షియం కార్బొనేట్ కరగదు. మన బోరు నీళ్లు కాస్తే గీజర్ రాడ్ మీద పేరుకునే తెల్లటి పొర ముఖ్యంగా అదే. అపార్ట్‌మెంట్‌లో నీళ్లలోంచి కాల్షియం తీసేసే సాఫ్ట్‌నర్‌కి బస్తాల కొద్దీ ఉప్పు పోసేదీ అందుకే. కాల్షియానికి రెండు ఆవేశాలు, సోడియంకి ఒకటే. కాబట్టి సాఫ్ట్‌నర్‌లోని రెజిన్ పూసలు ఒక్కో కాల్షియం అయాన్‌ని పట్టుకున్నప్పుడల్లా రెండేసి సోడియం అయాన్లు వదలాలి, అవి అయిపోతే మళ్లీ ఉప్పు నీటితో నింపాలి.

గాలియం విషయం బాగా అర్థమైతే జిర్కోనియం–హాఫ్నియం జంట చెప్పండి. నాకు ఈ పట్టికలో అన్నిటికంటే నచ్చిన జంట ఇదే. హాఫ్నియం ఒక పీరియడ్ కింద ఉన్నా మధ్యలో పద్నాలుగు ఎఫ్ ఎలక్ట్రాన్లు పడి సైజు కుదించేశాయి: 160, 159. దీన్నే లాంథనైడ్ సంకోచం అంటారు. రసాయనికంగా ఎంత కవలలంటే, జిర్కోనియం 1789లోనే తెలిసినా దాని ఖనిజాల్లోనే ఉన్న హాఫ్నియం 1923 దాకా దొరకలేదు. అది కూడా ఎక్స్-రే వర్ణపటంలోనే పట్టుబడింది. ఎక్స్-రేలు పరమాణు సంఖ్యను చెబుతాయని ఇంగ్లిష్ భౌతిక శాస్త్రవేత్త మోస్లే 1913లో చూపించాడు. టెల్లూరియం (127.6) అయోడిన్ (126.9) కంటే బరువైనా ముందుండటం ఎందుకు సరైందో తేలింది కూడా దానితోనే.

అయితే ఈ పోలికంతా ఎలక్ట్రాన్ల వరకే. కేంద్రకం ఎలా ప్రవర్తిస్తుందో పట్టికలో గడి చెప్పదు. న్యూట్రాన్లను హాఫ్నియం జిర్కోనియం కంటే 500 రెట్లకు పైగా మింగుతుంది. మన హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గరి న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో రియాక్టర్ ఇంధనానికి తొడిగే గొట్టాలు జిర్కోనియం మిశ్రలోహంతో చేస్తారు. ముడి ఖనిజంలో జిర్కోనియంతో పాటు ఒకటి రెండు శాతం హాఫ్నియం ఉంటుంది. అది న్యూట్రాన్లను మింగేస్తే రియాక్టర్ నడవదు కాబట్టి దాన్ని పది లక్షల్లో వంద భాగాల లోపుకు దించాలి. ఇద్దరి కెమిస్ట్రీ ఒకటే కాబట్టి ఒక్క దెబ్బకు విడిపోవు. నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, ట్రైబ్యుటైల్ ఫాస్ఫేట్ కలిపిన కిరోసిన్ లాంటి ద్రావణితో మళ్లీ మళ్లీ కడుగుతారు. జిర్కోనియం ద్రావణిలోకి కాస్త ఎక్కువ ఇష్టంగా వెళ్తుంది, హాఫ్నియం ఎక్కువగా నీళ్లలో మిగులుతుంది. ఆ కాస్త తేడానే దశ మీద దశగా పోగు చేస్తారు.