పెల్లెట్ల డబ్బాలకి ఈఎంఐ పెట్టమంటారా?

ప్రశ్న: మా పాప తొమ్మిదో తరగతి. రెండేళ్లుగా 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటోంది. మొదట్లో 500 పెల్లెట్ల (పిస్టల్‌లో వేసే చిన్న సీసం గుళ్లు) జర్మన్ మ్యాచ్ డబ్బా, అంటే పోటీల రకం, 1,200 రూపాయలకు వచ్చేది. ఇప్పుడు 1,650. అవే పెల్లెట్లు స్పాంజి ట్రేలో పెట్టినవైతే 200కి 900 అంటున్నారు. పాప నెలకు సుమారు 1,700 షాట్లు కొడుతుంది. ధర ఇంకా పెరుగుతుంది, ఏడాదికి సరిపడా 40 డబ్బాలు ఒకేసారి తీసుకుంటే 6 శాతం తగ్గిస్తానని, క్రెడిట్ కార్డు మీద 12 నెలల ఈఎంఐ పెట్టుకోవచ్చని షాపతను అంటున్నాడు. ఆ ఈఎంఐ కోసం పాప చదువుకి కడుతున్న 5,000 సిప్ ఏడాది పాటు ఆపుదామని మావారు. ఏం చేయమంటారు? – ఒక తల్లి, ఉప్పల్

జవాబు: ముందు సిప్ జోలికి వెళ్లకండమ్మా. మిగతాది కాగితం మీద పెట్టి చూద్దాం.

షాపతను ధర గురించి అబద్ధం చెప్పడం లేదు. మ్యాచ్ పెల్లెట్లు ఎక్కువగా జర్మనీ నుంచో చెక్ రిపబ్లిక్ నుంచో వస్తాయి. 2025 మొదట్లో 90 రూపాయల దరిదాపుల్లో ఉన్న యూరో అదే ఏడాది వంద దాటింది. దానికి తోడు ఇది సీసం. పిస్టల్ పెల్లెట్ ఒక్కోటి అర గ్రాము లోపే ఉంటుంది గానీ, 40 డబ్బాలంటే దాదాపు పది కిలోల బరువు. అంత బరువు సముద్రం దాటి రావాలంటే రవాణా ఖర్చు ఎక్కడికి పోతుంది, డబ్బా ధరలోకే వస్తుంది.

అయితే మీరు డబ్బా ధర చూసి కంగారు పడుతున్నారు. బిస్కెట్ ప్యాకెట్ ధర అలాగే ఉంచి లోపల రెండు బిస్కెట్లు తగ్గించే కాలం ఇది. పెల్లెట్ల డబ్బాలు కూడా 500, 300, 250, 200 అని రకరకాలుగా వస్తాయి. కాబట్టి ఒక్కో పెల్లెట్ ఎంత పడుతోందో చూడండి. మీ డబ్బాలోది 3 రూపాయల 30 పైసలు. స్పాంజి ట్రేలోది 4 రూపాయల 50 పైసలు.

ట్రే ఎందుకంటే, సీసం మెత్తనిది. పెల్లెట్ వెనక అంచు గోరుతో గట్టిగా నొక్కినా వంగుతుంది. డబ్బాలో అన్నీ ఒకదానికొకటి కొట్టుకుంటూ వస్తాయి, కొరియర్ వాడు విసిరేస్తే మరీను. ట్రేలో దేని గుంటలో అది కదలకుండా కూర్చుంటుంది. బాగానే ఉంది, కానీ లెక్క చూడండి. మామూలు డబ్బాలో అంచు నొక్కుకున్నవి ఏరి పారేశారనుకుందాం. ఇరవై పారేసినా మిగతావి ఒక్కోటి 3.44 పడతాయి. డబ్బాకి 133 పెల్లెట్లు పారేస్తే గానీ ట్రే ధరకు సమానం కాదు. అన్ని నొక్కులు పడిన డబ్బా అయితే వెనక్కి ఇచ్చేయండి. పోటీ రోజుకని ఒక ట్రే కొంటే తప్పులేదు. మ్యాచ్‌లో లెక్కకు వచ్చే షాట్లు 60, ముందు గురి సరిచూసుకునేవి కొన్ని. ఒక ట్రే హాయిగా రెండు మ్యాచ్‌లకు వస్తుంది.

ఇక అసలు విషయం. రోజువారీ సాధన అంతా మ్యాచ్ పెల్లెట్లతోనే చేయాలని మీకెవరు చెప్పారు? రైఫిల్ పిల్లలైతే నేను ఇంత ధైర్యంగా అనను. అక్కడ పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరే, పైగా ఫైనల్‌కి ముందు జరిగే క్వాలిఫికేషన్‌లో దశాంశాలు కూడా లెక్క. పిస్టల్‌లో పది వలయం వెడల్పు 11.5 మిల్లీమీటర్లు, క్వాలిఫికేషన్ స్కోరు పూర్తి అంకెల్లోనే. నేర్చుకునే పిల్ల షాటు ఎనిమిదిలోకి వెళ్లిందంటే తప్పు మణికట్టుదో ట్రిగ్గర్ లాగడందో అయి ఉంటుంది, పెల్లెట్ మీదకు నెట్టలేం. ఈ మాట నా నోటి నుంచి కాదు, కోచ్ నోటి నుంచి రావాలి. రెండు రకాలూ ఇచ్చి, ఏది ఏదో పాపకు చెప్పకుండా నాలుగు సిరీస్‌లు (సిరీస్ అంటే పది షాట్లు) కొట్టించి చూడమనండి.

ఆయన సరేనంటే లెక్క ఇలా మారుతుంది. సాధన రకం డబ్బా 500కి 800 అనుకుందాం, అంటే ఒక్కోటి 1.60. నెలకు 400 మ్యాచ్‌వి, 1,300 సాధనవి వాడితే ఖర్చు 3,400. ఇప్పుడు అన్నీ మ్యాచ్‌వే కొడుతున్నందుకు మీకవుతున్నది 5,610. నెలకు 2,210, ఏడాదికి 26,520 మిగులు. షాపతని 6 శాతం ఏడాది మొత్తానికి ఇచ్చేది 3,960.

ఈఎంఐ సంగతి కూడా చెప్పాలి. డిస్కౌంటు పోగా 62,040. కార్డు వడ్డీ 15 శాతం అనుకుంటే ఏడాదిలో వడ్డీ 5,150 దాకా, దాని మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు వేరే. అంటే డిస్కౌంటు వడ్డీకి కూడా చాలదు. నిజం చెప్పాలంటే, ధర గత రెండేళ్ల వేగంతోనే పెరిగితే మాత్రం అప్పు చేసి కొన్నా మూడు వేలో ఎంతో మిగిలేలా ఉంది. ఆ మూడు వేల కోసం పది కిలోల సీసం ఇంట్లో పెట్టుకుంటారా? మధ్యలో పాప పిస్టల్ మారిస్తే? పదో తరగతి టెన్షన్‌లో ఆరు నెలలు రేంజ్‌కి వెళ్లకపోతే? సగం వాడిన సరుకు ఎవరూ అసలు ధరకు కొనరు.

ఒకేసారి కొనడానికి సరైన కారణం ఒకటుంది, అది ధర కాదు. డబ్బా మీద పెల్లెట్ తల సైజు 4.49, 4.50 మిల్లీమీటర్లు అని, లాట్ నంబరు (ఒకే విడతలో తయారైన సరుకు గుర్తు) అని ఉంటాయి. ఒకే కంపెనీవైనా ఒక లాట్ ఒక పిస్టల్‌కి బాగా నప్పుతుంది, ఇంకోటి నప్పదు. కోచ్ పరీక్షించి నప్పిన లాట్ చెప్పాక, ఆ లాట్‌వి మ్యాచ్ డబ్బాలు పది తీసుకోండి. నెలకు 400 చొప్పున ఏడాదికి సరిపోతాయి. 16,500 అవుతుంది, బోనస్‌లోంచో చేతిలో ఉన్నదాంట్లోంచో పెట్టండి, కార్డు వద్దు. సాధనవి నెలకు మూడు డబ్బాలు కొంటూ పోండి. గాలి తగలని డబ్బాలో, తేమ పీల్చే చిన్న సంచీ ఒకటి వేసి పెట్టండి. వానాకాలం తేమకి సీసం తెల్లగా పూత పడుతుంది. వంటింటి అలమరలో మాత్రం పెట్టకండి. రేంజ్ నుంచి రాగానే పాప సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

మిగిలే 2,200ని ఆట పేరుతో విడిగా ఒక ఆర్‌డీలో వేయండి. రేపు నేషనల్స్‌కి క్వాలిఫై అయితే ఢిల్లీకో భోపాల్‌కో ఇద్దరికి టికెట్లు, వారం రోజుల బస. పెల్లెట్ల కంటే అది పెద్ద ఖర్చు, అందరూ మర్చిపోయేదీ అదే. సెకండ్ హ్యాండ్ పిస్టల్ ఆలోచన ఎప్పుడైనా వస్తే, ముందు గాలి సిలిండర్ మీద తయారీ తేదీ చూడండి. సాధారణంగా దాని ఆయుష్షు పదేళ్లు.

షాపతనితో పది డబ్బాలకే 6 శాతం అడిగి చూడండి. ఒప్పుకోకపోతే మీ క్లబ్బులో ఇంకో ముగ్గురు తల్లిదండ్రులను కలుపుకోండి, నలభై ఇట్టే అయిపోతాయి. లాట్ మాత్రం ఎవరి పిస్టల్‌కి నప్పింది వారు తీసుకోవాలి. డబ్బులు ముందే వసూలు చేసి, బిల్లు ఎవరి పేరు మీదో ముందే అనుకోండి. అలాంటి చోటే స్నేహాలు చెడతాయి.