మూడో ఎండాకాలం లెక్క

హన్మకొండ

చిరంజీవికి ఆశీస్సులు.

మొక్కలతో పరిసరాలను బాగుచేసే పర్యావరణ ఉద్యానశాస్త్రంలో పరిశోధన ధోరణులు, ప్రచురణల ప్రభావం అనే అంశం మీద నువ్వు పంపిన వ్యాసం నాకు చేరి మూడు వారాలైంది. మొదటిసారి చదివినప్పుడు కోపం వచ్చి సగంలో పక్కన పెట్టాను. రెండోసారి చివరి పేజీ దాకా వెళ్లాను కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను. నీ భాష శుభ్రంగా ఉంది, వాక్యం ఎక్కడా తడబడలేదు. ఇక అసలు సంగతికి వస్తాను.

ఏ పత్రికకు ఎంత ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (పత్రికలోని పత్రాలను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉటంకించారో చెప్పే అంకె) ఉంది, ఏ దేశం నుంచి ఎన్ని పరిశోధన పత్రాలు వచ్చాయి, ఏ మాట ఏ ఏడాది నుంచి శీర్షికల్లో పెరిగింది అన్నవన్నీ రంగురంగుల పటాలుగా గీశావు. నగరాల వేడి, డాబాల మీది పచ్చదనం, చిత్తడి నేలల్లోంచి తవ్వి తెచ్చే పీట్‌కు బదులు కొబ్బరి పొట్టు, తేనెటీగలకు ఆసరా అయ్యే పూలమొక్కలు, పచ్చదనం చూస్తే మనసుకు కలిగే నెమ్మది, ఈ ధోరణులన్నీ నిజమైనవే, వాటిని నువ్వు సరిగానే పట్టుకున్నావు. కానీ పదమూడు పేజీలు చదివినా నాకు ఒక్క చెట్టు పేరు కనిపించలేదు. స్థానిక మొక్కల ప్రాధాన్యం గురించి రాసిన చోట కూడా ఉదాహరణలన్నీ పరాయి దేశాలవే. బతుకమ్మ పండుగకు చెల్కల్లో గునుగు, తంగేడు తెంపుకొచ్చే ఊళ్ల మధ్య పెరిగిన బిడ్డవు నువ్వు. తంగేడు మన రాష్ట్ర పుష్పమైనా, దాని మొక్క కావాలని నర్సరీలో అడిగితే చాలాచోట్ల దొరకదు. గింజ పైపొట్టు గట్టిది కాబట్టి దాన్ని గీకితేనో నానబెడితేనో తప్ప మొలక సరిగా రాదు. ఆ సంగతి మీద నాలుగు వాక్యాలు రాసినా వ్యాసానికి ఒక ఊరు ఉండేది.

నాలుగో పేజీలో, ఇంటి మొక్కలు గదిలోని గాలిని శుద్ధి చేస్తాయని 1989లో నాసా తేల్చిందని రాశావు. ఆ నివేదికను నువ్వు తెరిచి చూడలేదని నాకు అక్కడే తెలిసిపోయింది, ఎందుకంటే చూసినవాళ్లెవరూ ఆ ప్రయోగం గాలి చొరబడని చిన్న పెట్టెల్లో జరిగిందన్న మాట చెప్పకుండా వదలరు. మన ఇళ్లకు తలుపులుంటాయి, కిటికీలుంటాయి, సందుల్లోంచి గాలి వస్తూ పోతూ ఉంటుంది. కమ్మింగ్స్, వేరింగ్ అనే ఇద్దరు పరిశోధకులు అలాంటి పాత ప్రయోగాలన్నిటి లెక్కలూ కలిపి చూసి, భవనంలోకి మామూలుగా వచ్చిపోయే గాలి చేసే పనిని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 దాకా మొక్కలు పెట్టాలని 2019లో చెప్పారు. అయినా పాత మాటే ఒకరి పత్రంలోంచి ఇంకొకరి పత్రంలోకి పాకుతూ వచ్చి, చివరికి నీ వ్యాసంలోకీ వచ్చింది. ఉటంకింపుల సంఖ్య పెరిగినంత మాత్రాన పని చదివినట్లు కాదు అనడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం నీకు అక్కర్లేదు.

అదే పేజీలో నువ్వు ఒక్క ముక్కలో దాటేసిన రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడి పని వేరే రకం. ఆయన 1984లో సైన్స్ పత్రికలో అచ్చు వేసింది ఒకే ఆసుపత్రి సంగతి. పిత్తాశయం ఆపరేషను చేయించుకున్న రోగులను వయసు మొదలైనవి సరిపోల్చి 23 జతలుగా చేసి, కిటికీలోంచి చెట్లు కనిపించిన వారినీ ఇటుక గోడ కనిపించిన వారినీ పోల్చాడు. చెట్లు కనిపించిన వాళ్లు కొంత ముందుగా ఇంటికి వెళ్లారు, గట్టి నొప్పి మందులు తక్కువ వాడారు. చిన్న పనే, కానీ దానికి ఒక గోడ ఉంది, ఒక కిటికీ ఉంది, లెక్కపెట్టిన మనుషులున్నారు. నలభై ఏళ్లు దాటినా దాన్ని ఇంకా చదువుతున్నాం.

ఇప్పుడు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ సంగతి. ఆ కొలతకు మూలపురుషుడైన యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో, ఏ పత్రాన్ని ఎవరు ఉటంకించారో చూపే సూచిక గురించి రాసినప్పుడు గానీ, ఆ తర్వాత తన సూచికలో ఏ పత్రికలను చేర్చాలో తేల్చుకోవడానికి ఈ కొలతను తయారు చేసుకున్నప్పుడు గానీ, ఒక మనిషికి ఉద్యోగం ఇవ్వాలా వద్దా అని దానితో తూచడం ఆయన ఉద్దేశం కాదు. 2012 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో కూడిన శాస్త్ర పత్రికల సంపాదకులు, ప్రచురణకర్తలు, పత్రిక కొలతతో మనిషి పనిని కొలవవద్దని ఒక ప్రకటనే రూపొందించారు. నువ్వు ఆ ప్రకటనను పేర్కొని, మళ్లీ తర్వాతి పేజీలోనే పత్రికలను ఆ అంకెల వరుసలో నిలబెట్టావు. నాకు అది బాధ కలిగించింది. మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో పత్రికకు నాస్ (జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ) ఇచ్చే రేటింగును చూసి పదోన్నతి మార్కులు వేసే అలవాటు ఎంత లోతుగా పాతుకుపోయిందో నాకు తెలుసు. కాబట్టి నీ భయం నాకు అర్థం కానిది కాదు.

కానీ ఆ అంకె ఎలా వస్తుందో ఒకసారి చెట్టు పక్కన నిలబడి ఆలోచించు. 2024 సంవత్సరపు అంకె కావాలంటే 2022, 2023లలో ఆ పత్రిక అచ్చు వేసిన పత్రాలకు 2024లో వచ్చిన ఉటంకింపులను ఆ రెండేళ్ల పత్రాల సంఖ్యతో భాగిస్తారు. అంటే చూపంతా రెండేళ్ల మీదే. 2022 వానాకాలంలో మన చెల్కలో నాటిన వేప మొక్క 2024 నాటికి రెండంటే రెండు ఎండాకాలాలు చూసి ఉంటుంది. దాని సంగతి మనకింకా ఏమీ తెలియదు. ఆసుపత్రి మందులకో కంప్యూటరు విద్యకో పనికొచ్చే గడువును చెట్టు మెడకు కట్టాం. ఆ గడువులో ఇమిడే పరిశోధనే మనవాళ్లు చేస్తారు. వాయు కాలుష్య సహన సూచికనే చూడు. ఆకులోని ఆస్కార్బిక్ ఆమ్లం, పత్రహరితం, ఆకు రసం పీహెచ్, నీటి శాతం కొలిచి ఒక సూత్రంలో పెట్టే ఆ పద్ధతిని సింగ్, రావు 1983లో ఇచ్చారు. పద్ధతిలో తప్పు లేదు. అయితే నాలుగు రోడ్ల మీది ఆకులు కోసుకొచ్చి వారంలో పట్టిక తయారు చేయవచ్చు కాబట్టి, ఊరు పేరు మార్చి అదే పత్రం ఎన్నిసార్లు వచ్చిందో నువ్వే నీ పటంలో చూపించావు. ఆ చెట్టు అక్కడ బతుకుతుందా అన్న ప్రశ్న మాత్రం వాటిలో చాలావాటికి పట్టలేదు.

కొనోకార్పస్ అనే పరాయి దేశపు చెట్టు కథ కూడా ఇదే గడువు తెచ్చిన నష్టమని నా నమ్మకం. హరితహారం 2015లో మొదలైన తర్వాత మన రోడ్ల మధ్య, కార్యాలయాల ముందు దాన్ని విరివిగా నాటారు. త్వరగా పెరుగుతుంది, ఏడాదంతా పచ్చగా ఉంటుంది. రెండేళ్లకు వచ్చి చూసిన ఎవరికైనా అది విజయమే. వేళ్లు పైపుల మీదికి పోతున్నాయని, పుప్పొడితో ఇబ్బందులు వస్తున్నాయని ఫిర్యాదులు వచ్చాక ఇక నాటవద్దని మన రాష్ట్రంలోనే చెప్పారు. గుజరాత్ 2023లో నిషేధించింది. నాటకముందు పదేళ్ల లెక్క చేతిలో ఉండి ఉంటే ఇంత డబ్బు, ఇంత నీరు పోయేవి కావు. ఆ పదేళ్ల లెక్క రాసేవాడికి పత్రికల్లో చోటు లేదు, ప్రాజెక్టు కాలం మూడేళ్లు దాటదు.

ఈ పట్టుదల నాకు పుస్తకాల్లోంచి రాలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మొరం నేలలో కానుగ, వేప, నారేప మొక్కలు నాటించి, మొదటి ఏడాది చివర నూటికి తొంభై పచ్చగా ఉన్నాయని సంబరపడుతూ రిజిస్టరులో రాసుకుంటుంటే, పాదులు చేస్తున్న వృద్ధుడైన మాలి ఒకాయన నా పక్కన కూర్చుని "సారూ, చెట్టు సంగతి మూడో ఎండకాలమైనంక అడుగుండ్రి" అన్నాడు. నేను వినలేదు, పత్రం రాసేశాను. అద్దె టైపు మిషను మీద మూడు కార్బన్ కాపీలు తీసి పంపితే పద్నాలుగు నెలలకు అచ్చయింది. మూడో ఏడు రోహిణి కార్తె దాటాక సైకిలు మీద వెళ్లి చూస్తే సగానికి పైగా ఎండిపోయి ఉన్నాయి. ఆ గట్టి మొరంలో తవ్విన గుంత గుంతగా ఉండలేదు, కుండీ అయింది. వానాకాలంలో నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లాయి, వేసవిలో అదే గుంత పెనంలా కాలింది.

తప్పు సరిదిద్దుకుందామని చచ్చిపోయిన మొక్కల లెక్కతో రెండో పత్రం రాశాను. నా మొదటి పత్రాన్ని వేసిన సంపాదకుడే దాన్ని తిప్పి పంపుతూ, ఎండిపోయిన మొక్కల వివరాలు పాఠకులకు అనవసరమని, పైగా ఇది ఒక జిల్లాకు మాత్రమే పనికొచ్చే సంగతి అని రెండు వాక్యాలు రాశాడు. శీర్షికలోంచి వరంగల్ తీసేసి "అర్ధశుష్క ఉష్ణమండలం" అని పెట్టమన్నాడు ఇంకొక సంపాదకుడు. మూడో చోట, తమ పత్రికలోనే ఈమధ్య వచ్చిన ఐదు పత్రాలను ఉటంకిస్తే ఆలోచిస్తామన్నారు. ఆ ఐదింటికీ నా మొక్కలకూ ఏ సంబంధమూ లేదు. నేను ఒప్పుకోలేదు, ఆ పత్రం ఎక్కడా అచ్చు కాలేదు. కొన్నేళ్ల తర్వాత నా మొదటి పత్రాన్నే ఆధారంగా చూపి అలాంటి నేలలోనే, అలాంటి గుంతల్లోనే మళ్లీ మొక్కలు నాటించారని తెలిసిన రోజు నేను అన్నం తినలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు, చల్లారాలని కూడా అనుకోవడం లేదు.

ఇప్పుడు నీ పదహారో పేజీకి వస్తాను. వ్యాసమంతా అయిపోయాక, క్షమించమన్నట్లుగా, "ఇది పరిశోధన కాదు, పరిశీలన మాత్రమే" అని మొదలుపెట్టి ఎనిమిది వాక్యాలు రాశావు. ఆదివారాలు మీ నాన్నగారితో కలిసి వెళ్లి డివైడరు మీద మొక్కలను లెక్కపెట్టానని, ఎండిపోయిన కానుగ మొక్కను ఒకదాన్ని లాగితే సులువుగా ఊడి వచ్చిందని, మట్టి దులిపి చూస్తే "కవరు ఎప్పుడో తీసేసినా వేళ్లు మాత్రం కవరు ఆకారంలోనే ఉన్నాయి" అని రాశావు. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నర్సరీ కవరులో ఎక్కువ కాలం ఉండిపోయిన మొక్క వేరు నున్నటి గోడకు తగిలి పక్కకు తిరుగుతుంది, చుట్టూ తిరిగి తిరిగి తాడులా చుట్టుకుంటుంది. అలాగే నాటితే, పైన ఆకు రెండు మూడేళ్లు పచ్చగానే ఉంటుంది. లోపల ఆ చుట్టలు లావెక్కుతూ ఒకదాన్నొకటి, చివరికి మొదలునే బిగిస్తాయి. గాలివానకు ఒరిగిపోవడమో ఒక వేసవిలో హఠాత్తుగా ఎండిపోవడమో అప్పుడు జరుగుతుంది. నాటే రోజే మట్టిగడ్డ అంచులను నిలువుగా కోసి చుట్టిన వేళ్లను తీసేయాలని, లోపల నిలువు గట్లున్న రూట్ ట్రైనర్లనే కుండీల్లో పెంచితే చుట్టుకోవడం తగ్గుతుందని, గుంత లోతుకంటే వెడల్పు ముఖ్యమని, మొదలు భూమిలోకి దిగబడకుండా నేల మట్టానికే ఉండాలని పర్యావరణ ఉద్యానశాస్త్రం ఏళ్ల తరబడి పనిచేసి చెప్పింది. నువ్వు పటాలు గీసిన ఆ పత్రికల్లోనే ఇదంతా ఉంది. పటంలో "వేరు" అన్న మాట ఒక చిన్న చుక్క. నీ చేతిలో ఉన్నది ఆ చుక్కే.

కాబట్టి వ్యాసాన్ని తిరగేసి రాయి. పదహారో పేజీని మొదటి పేజీ చెయ్యి. ఏ రోడ్డు, ఏ నెలలో నాటారు, ఏ నేల, మొక్క ఎంత ఎత్తు, కవరులో ఎంత కాలం ఉంది, నీళ్లు ఎవరు ఎన్నాళ్లకోసారి పోస్తున్నారు, ఏది ఎప్పుడు చచ్చిపోయింది అన్నవి రాయి. చచ్చిపోయినదాన్ని తవ్వి వేళ్ల ఫొటో తియ్యి. పటాలను రెండుకు తగ్గించు, నాసా వాక్యాన్ని కొట్టెయ్యి. ఇంగ్లీషులో అచ్చు కావడానికి ముందు తెలుగులో నాలుగు పేజీలు రాసి, ట్యాంకరు నడిపే మనిషికీ, నర్సరీలో కవర్లు నింపే ఆడవాళ్లకూ చదివి వినిపించు. వాళ్లు తప్పు పట్టిన చోట మార్చు. వాళ్ల మాటను ఏ సూచికా లెక్కించదు, కానీ వచ్చే ఏడు కవరు కోసి నాటేది వాళ్లే.

డబ్బు కట్టి వారంలో అచ్చు వేయించుకోవచ్చా అని అడిగావు. వద్దు. పీహెచ్‌డీ సమర్పించే ముందు పత్రం అచ్చయి తీరాలన్న నిబంధనను యూజీసీ 2022లోనే తీసేసింది, నీ విశ్వవిద్యాలయం ఏమంటోందో కనుక్కో. ఆ డబ్బుతో మట్టి పరీక్షలు చేయించుకో.

నీ మొక్కలు ఇప్పటికి రెండు ఎండాకాలాలే చూశాయి. వచ్చే మృగశిర కార్తె వెళ్లేదాకా లెక్క ఆపకు, ఈలోగా దేనికీ పంపకు. వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికల్లా నీ రిజిస్టరుతో మా ఇంటికి రా, మీ నాన్నగారిని కూడా తీసుకురా. ఎండిపోయినవి ఇంకో మూడు తవ్వి చూద్దాం. గడ్డపారా, చేతికత్తీ నేను తెస్తాను.

ఆశీస్సులతో.