నేనే పాట నేర్పించాను, ఇప్పుడు అదే పని చేస్తానంటోంది

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. చిన్నప్పుడు సంగీతంలో చేర్పించింది నేనే, పదేళ్లు దగ్గరుండి నేర్పించిందీ నేనే. ఈమధ్య అమ్మానాన్నలు లేని పిల్లలుండే హోమ్‌కి రెండు మూడు సార్లు వెళ్లి పాటలు పాడించి, బొమ్మలు వేయించి వచ్చింది. ఇక ఎంబీఏ వద్దు, ఇదే నా పని అంటోంది. వాళ్ల నాన్న ‘అది టైంపాస్, ఉద్యోగం కాదు’ అంటున్నారు. మ్యూజిక్ థెరపీ, సోషల్ వర్క్: రెండింట్లో ఏది మంచిది? అప్లికేషన్ల గడువు దగ్గరపడింది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు అడిగింది కోర్సుల గురించి. కానీ ఇంత చిన్న ఉత్తరంలో ‘నేనే’ అని రెండుసార్లు రాశారు. ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదమ్మా. పైకి అడిగేది కోర్సు పేరు, లోపల భయం వేరు. రేపు పిల్ల ఇబ్బంది పడితే ఆ తప్పు మీ నెత్తిన పడుతుందని భయపడుతున్నారు. పాట నేర్పించడం తప్పు కాదు. ముందు ఆ బరువు దించుకోండి.

ఇంకో మాట అంటాను, కోపం తెచ్చుకోకండి. అమ్మాయికి పోటీల్లో బహుమతి వస్తే ఆ ఫోటో బంధువులందరికీ పంపి ఉంటారు. అప్పుడు సంగీతం గొప్ప విద్య. అదే సంగీతంతో ఎవరూ లేని పిల్లల మధ్య కూర్చుంటానంటే టైంపాస్ అయిపోయిందా? ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణంలో ఆటతో పాటు కళల్లో పాల్గొనడాన్ని కూడా పిల్లల హక్కుగా రాశారు. ఈ సంగతి వాళ్ల నాన్నగారికి చెప్పండి.

అలాగని అమ్మాయిని పూర్తిగా వెనకేసుకు రావడం లేదు. పాటతో, బొమ్మలతో చికిత్స చేసే ఈ థెరపీ రంగం ఇప్పుడు ఫ్యాషనైంది, నా అనుమానాలన్నీ అక్కడే. రెండు వారాంతాలు ఆన్‌లైన్లో కూర్చుంటే ‘ఆర్ట్ థెరపిస్ట్’ అని సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లున్నారు. థెరపీ అంటే చికిత్స. పిల్లల పరిస్థితిని అంచనా వెయ్యాలి, లక్ష్యం పెట్టుకోవాలి, అనుభవమున్నవాళ్ల పర్యవేక్షణలో నెలల తరబడి పనిచెయ్యాలి. అమెరికాలో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం 1944లోనే మ్యూజిక్ థెరపీకి డిగ్రీ కోర్సు పెట్టింది. అంత పాత చదువుకు వారాంతపు కోర్సు ఎలా సరిపోతుంది?

ఈ సర్టిఫికెట్లవాళ్లు పిల్లల బొమ్మలకు జాతకాలు కూడా చెబుతారు. నల్లరంగు వేస్తే దిగులట, ఇంటికి తలుపు గియ్యకపోతే భయమట. ఆ పూట పిల్లాడి చేతికి దొరికింది ఒక్క నల్ల క్రేయానే అయి ఉండొచ్చు!

ఒక్కరోజు వర్క్‌షాపులంటే నాకు ఇంకా చిరాకు. పిల్లల చేతులకు రంగు పూసి, గోడమీద ముద్రలు వేయించి, ఫోటోలు దిగి వెళ్లిపోతారు. ఆ పిల్లల జీవితంలో అలా వచ్చి వెళ్లిపోయిన పెద్దవాళ్లు ఇప్పటికే చాలామంది. ఇంకొకరు అవసరమా?

సంగీతంతో సమాజమే మారిపోతుందనే మాటనూ కాస్త జల్లెడ పట్టాలి. వెనెజువేలాలో హోసే ఆంటోనియో అబ్రేయు 1975లో మొదలుపెట్టిన ‘ఎల్ సిస్తెమా’ పిల్లలకు ఆర్కెస్ట్రా నేర్పించే పెద్ద ఉద్యమమైంది, చాలా దేశాలు దాన్ని అనుసరించాయి. ఆ తర్వాత సుమారు 2,900 మంది పిల్లలతో అక్కడే పరీక్షించి చూశారు. తమను తాము అదుపులో పెట్టుకోవడం కొంచెం మెరుగుపడింది, అల్లరి, మొండితనం లాంటి ఇబ్బందులు కొంచెం తగ్గాయి. తెలివితేటల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పైగా చేరినవాళ్లలో బాగా పేద పిల్లలు అనుకున్నదానికంటే తక్కువ. ఆ కొంచెం మెరుగుదల కూడా నా లెక్కలో విలువైనదే. కానీ పాట పేదరికాన్ని పోగొడుతుందని ఎవరైనా అంటే నమ్మొద్దు.

మరి పాట, బొమ్మ ఏం చేస్తాయి? నాకు ఎప్పుడూ ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ గుర్తొస్తుంది. నాజీలు ఆమెను తెరెజిన్ నిర్బంధ శిబిరానికి పంపితే అక్కడి పిల్లలకు బొమ్మలు నేర్పింది. ఆమె థెరపిస్టు కాదు, చిత్రకారిణి. పిల్లలకు గీత, రంగు, కూర్పు పద్ధతిగా నేర్పేది. బొమ్మ మీద పేరు రాయమనేది. మనుషుల్ని నంబర్లుగా మార్చిన చోట పిల్లవాడు తన పేరు తాను రాసుకోవడం ఎంత పెద్ద సంగతో ఆలోచించండి. 1944లో ఆమెను ఆష్‌విట్జ్ అనే నాజీ మరణ శిబిరంలో చంపేశారు. రెండు సూట్‌కేసుల్లో దాచిన సుమారు 4,500 బొమ్మలు మిగిలాయి. ఆమె దగ్గర నేర్చుకున్న ఈడిత్ క్రేమర్ తర్వాత అమెరికాలో ఆర్ట్ థెరపీకి పునాది వేసినవాళ్లలో ఒకరైంది.

పోలిక అడిగారు కదా, చెప్తాను. ఒక్కొక్క పిల్లతో దీర్ఘకాలం చికిత్సగా పనిచెయ్యాలని ఉంటే మ్యూజిక్ థెరపీ. అయితే ప్రాక్టికల్ శిక్షణ, పర్యవేక్షణ ఉన్న కోర్సే కావాలి, అవి లేకపోతే డబ్బు దండగ. పిల్లల ఇల్లు, బడి, చట్టం, వాటి చుట్టూ ఉన్న మనుషులందరితో వ్యవహరించాలంటే సోషల్ వర్క్. నన్నడిగితే సోషల్ వర్క్ గానీ సైకాలజీ గానీ ప్రధాన చదువుగా పెట్టుకోమంటాను. సంగీతం ఎలాగూ చేతిలో ఉంది. బడులు, పిల్లల ఆసుపత్రులు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రాలు, బాలల రక్షణ సంస్థలు: పని ఉంటుంది. మొదట్లో జీతం తక్కువ, ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగమూ అయిపోవచ్చు. అది దాచను. కానీ ఇలాంటి చదువు చదివినవాళ్లకు వేరే తలుపులూ ఉంటాయి. మీ అమ్మాయి రోడ్డున పడదు.

అసలు పరీక్ష వేరే ఉంది. రెండు మూడు సార్లు వెళ్లిరావడం లెక్కలోకి రాదు. అదే హోమ్‌కి ఆరునెలల పాటు వారానికోసారి, అదే రోజు, అదే టైముకి వెళ్లమనండి. పిల్లలతో ఒంటరిగా ఉండకూడదు, ఫోటోలు తియ్యకూడదు. ఏ పిల్లయినా బాధేదో చెప్పుకుంటే ‘ఎవరికీ చెప్పను’ అని మాటివ్వకుండా అక్కడి బాధ్యులకు చెప్పాలి. పిల్లలు పాడనని మొండికేసిన రోజు, వర్షం పడిన రోజు, తనకే విసుగొచ్చిన రోజు కూడా వెళ్తుందా చూడండి.

గడువు సంగతి వదిలెయ్యండి. ఆ కోర్సులు వచ్చే ఏడాదీ ఉంటాయి.