పాప విదేశీ చదువుకు కేంద్రం సాయం: ఎలా అడగాలి, ఎవరిని అడగాలి

ప్రశ్న: మాది కావలి, ఎస్సీ కుటుంబం. ఏడాది ఆదాయం మూడు లక్షల లోపే. పాప 72 శాతంతో బీటెక్ పూర్తిచేసింది. యూకేలో ఎంఎస్‌కి షరతులతో ఆఫర్ లెటర్ వచ్చింది. రెండెకరాల వరి పొలం తనఖా పెట్టమంటారా, ప్రభుత్వాన్ని అడగమంటారా?

జవాబు: పొలం జోలికి పోకండి. ఎడ్యుకేషన్ లోన్‌కి వ్యవసాయ భూమిని బ్యాంకులు సాధారణంగా తనఖాగా తీసుకోవు. ఇల్లో, ఎఫ్‌డీనో అడుగుతాయి.

మీ పాపకు సరిపోయేది కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్. ఫీజు, విమాన ఛార్జీలు, యూకేలో ఖర్చులకు ఏటా 9,900 పౌండ్లు ఇస్తారు. మొత్తం 125 సీట్లలో 115 ఎస్సీలవి. వయసు 35 లోపు, డిగ్రీలో 60 శాతం, ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి. ఇంతవరకూ మీకు ఇబ్బంది లేదు. చిక్కంతా ఆఫర్ దగ్గరే. వర్సిటీ క్యూఎస్ అనే ప్రపంచ వర్సిటీల ర్యాంకుల్లో తొలి 500లో ఉండాలి, ఆఫర్‌లో షరతులేవీ మిగలకూడదు. మీ లెటర్‌లోని షరతేమిటో చూడండి. ప్రొవిజనల్ సర్టిఫికెటో, ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష స్కోరో అయితే వెంటనే పంపి, షరతుల్లేని లెటర్ తెప్పించుకోండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, కుల ధ్రువీకరణలో పొడి అక్షరమే ఉంటే రెండింటిలో పేరు ఒకేలా ఉండేలా ఇప్పుడే సచివాలయంలో సరిచేయించండి.

ఎంపికైనంత మాత్రాన డబ్బు చేతికొచ్చినట్టు కాదు. 2025లో 106 మందిని ఎంపిక చేసి, నిధుల కారణంగా మొదట 40 మందికే మంజూరు లేఖలిచ్చారు. అందుకే అడగడం నేర్చుకోవాలి, అదీ సరైన చోట. ఆదాయ పత్రం ఆలస్యమైతే సోమవారం నెల్లూరు కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్ (ఫిర్యాదుల స్వీకరణ)లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. స్కాలర్‌షిప్ మంజూరు మాత్రం కలెక్టర్ చేతిలో లేదు. దానికి కేంద్ర ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో రాయాలి. దరఖాస్తు నంబరు, కోర్సు మొదలయ్యే తేదీ, ఫీజు గడువు రాసి, ఒక్క కోరికే కోరండి. పేజీలకొద్దీ కష్టాలు రాస్తే అసలు విషయం మరుగున పడిపోతుంది. సమాచార హక్కు కింద పది రూపాయలతో "ఎన్ని లేఖలిచ్చారు, మిగతావి ఏ దశలో ఉన్నాయి" అని అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. "ఎందుకివ్వలేదు" అని అడిగితే పక్కనపెట్టే వీలుంది, జాగ్రత్త. ఆ జవాబు నకలుతో, మీలాంటి మరికొన్ని కుటుంబాలను కలుపుకుని మీ ఎంపీని కలవండి. లోక్‌సభలో ప్రశ్న వేయమని రాతపూర్వకంగా కోరండి. ఒక్కరి అర్జీ కన్నా పదిమంది వివరాలున్న కాగితానికి బలం ఎక్కువ.

ఈలోగా ఫీజు గడువు ముంచుకొస్తే, అప్పు చేసి వర్సిటీకి డిపాజిట్ కట్టకుండా, ప్రవేశాన్ని తర్వాతి ఇన్‌టేక్‌కి (తర్వాతి విడత ప్రవేశాలకు) మార్చమని వర్సిటీకి పాపచేత మెయిల్ రాయించండి.