ఇంజిన్ ఆగినా చెవిలో హోరు ఆగడం లేదు

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. ఆర్మీలో వాహనాలు, ఆయుధాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో వెహికల్ మెకానిక్‌గా 24 ఏళ్లు పనిచేసి హవల్దార్‌గా రిటైరయ్యాను. ఎక్కువగా టీ-72 ట్యాంకులు, రికవరీ వాహనాలు, డోజర్ల మీద పని. ఇప్పుడు కరీంనగర్ దగ్గర క్వారీలో పొక్లెయిన్లు బాగుచేస్తున్నాను. ఏడాదిగా రెండు చెవుల్లో కీచురాళ్లు అరిచినట్టు రొద. రాత్రిళ్లు నిద్ర పట్టదు. టీవీ సౌండ్ పెంచేస్తున్నానని ఇంట్లో గోల. వెల్లుల్లి వేసి కాచిన నూనె పోస్తే తగ్గుతుందంటున్నారు. పోయొచ్చా? దీనికి మందులున్నాయా?

– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: నూనె మాత్రం పోయకండి. అది కర్ణభేరి దగ్గరే ఆగిపోతుంది. కర్ణభేరికి చిల్లు ఉంటే లోపలికి దిగి చీము పట్టిస్తుంది. మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే దెబ్బ తగిలింది అంతకన్నా లోపల, నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాలో. శబ్దాన్ని పట్టుకునే సన్నటి రోమకణాలు అక్కడే ఉంటాయి. పెద్ద శబ్దం ఏళ్ల తరబడి తగిలితే అవి చచ్చిపోతాయి, మనిషికి మళ్లీ పుట్టవు.

టీ-72 ఇంజిన్ 780 హార్స్‌పవర్ డీజిల్. దాని పక్కన నిలబడి పనిచేసినవారికి ఆ మోత ఎలాంటిదో నేను చెప్పక్కర్లేదు. పైగా మెకానిక్‌కి చెవే పనిముట్టు. ఇంజిన్ ఎక్కడ కొట్టుకుంటోందో వినాలని ఇయర్‌ప్లగ్ తీసి, తల లోపలికి వంచి ఉంటారు. ఫైరింగ్ రేంజి సంగతీ ఉంది. తుపాకీ కుడి భుజానికి ఆనించి కాల్చేవారికి ఎడమ చెవే ఎక్కువ దెబ్బతింటుంది. మీకూ అలాగే ఉందేమో గమనించండి.

ఈ లోపం ముందుగా సన్నటి శబ్దాల మీద పడుతుంది. అచ్చుల మోత వినపడుతుంది, హల్లులు జారిపోతాయి. ఇంట్లో వాళ్లు ‘పప్పు’ అంటే మీకు ‘కప్పు’ అనో ‘తప్పు’ అనో తోస్తుంది. అందుకే ‘వినపడుతోంది గానీ అర్థం కావట్లేదు’ అంటారు చాలామంది. టీవీ సౌండ్ పెంచినా లాభం లేనిది అందుకే. దయచేసి ఇంట్లో వాళ్లకు ఇది చదివి వినిపించండి. మీరు పట్టించుకోవడం లేదని వాళ్లు నొచ్చుకుని ఉంటారు.

ఈఎన్‌టీ డాక్టరు దగ్గర ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించుకోండి. పరీక్షకు ముందు కనీసం 14 గంటలు మెషీన్ల దగ్గరికి వెళ్లకండి. శబ్దం వల్ల వచ్చిన లోపమైతే గ్రాఫు సాధారణంగా 4000 హెర్ట్జ్ దగ్గర గుంటలా దిగుతుంది. షుగరు, బీపీ కూడా చూపించుకోండి. వాడుతున్న మాత్రలన్నీ వెంట తీసుకెళ్లండి, కొన్ని మందులు కూడా రొద తెస్తాయి. ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) కార్డు ఉంటే పాలీక్లినిక్ నుంచే రెఫరల్ అడగండి, వినికిడి యంత్రం అవసరమైతే దాని గురించి కూడా అక్కడే మాట్లాడండి.

రొదను పూర్తిగా ఆపే మాత్ర ఇప్పటికైతే లేదు. ఉందని అమ్మేవాళ్ల దగ్గర డబ్బు పోగొట్టుకోకండి. వినికిడి తగ్గినవారికి సరైన యంత్రం పెడితే చాలామందిలో రొద కూడా వెనక్కి తగ్గుతుంది. రాత్రి గదిని మరీ నిశ్శబ్దంగా ఉంచకండి. ఫ్యాన్ చప్పుడో, సన్నగా రేడియోనో ఉంటే మనసు రొద మీద నుంచి మళ్లుతుంది. నిద్ర అప్పటికీ రాకపోతే కౌన్సెలింగ్ బాగా పనిచేస్తుంది, వెనకాడకండి.

క్వారీ పని మానమని అనను, జీవనాధారం అది. కానీ చేయి చాచితే అందే దూరంలోని మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తుంటే అక్కడ శబ్దం 85 డెసిబెల్స్ దాటినట్టే. ప్లగ్ పెట్టి, రాళ్లు కోసే చోట పైన ఇయర్‌మఫ్ కూడా పెట్టుకోండి. దూది పనికిరాదు. ఇంజిన్ వినాల్సి వస్తే మెకానిక్ స్టెతస్కోప్ వాడండి. మరో మాట, థిన్నర్‌తో భాగాలు కడిగే పని ఆరుబయట చేయండి. అందులోని టొల్యూన్ ఆవిరి కూడా లోచెవికి హాని చేస్తుంది, శబ్దం తోడైతే మరీను.

ఎప్పుడైనా ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోయినా, రొద ఒక చెవిలోనే మిగిలినా, గుండె చప్పుడుతో కలిసి కొట్టుకున్నా, కళ్లు తిరిగినా ఆలస్యం చేయొద్దు. హఠాత్తుగా పోయిన వినికిడికి మందు మొదటి రెండు మూడు రోజుల్లో పడితేనే తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ.